లాక్ తీయకముందే ఫోన్ ఇంత చూపించాలా?

తలుపుగడియ:
కొత్త అప్‌డేట్ వేశాక లాక్ స్క్రీన్ కాస్తా రెండో హోమ్ స్క్రీన్ అయిపోయింది. విడ్జెట్లు (వాతావరణం లాంటివి చూపే చిన్న పెట్టెలు), సాగే గడియారం, పాట, టైమర్, మ్యాచ్ స్కోరు, అడుగున మనకు నచ్చిన బటన్లు. అందంతో నాకు పేచీ లేదు. ఫోన్ ఎవరి చేతిలో ఉందో తేలకముందే ఇంత చూపించడం, ఇన్ని పనులు చెయ్యనివ్వడం అవసరమా? నా మట్టుకు టైము, కెమెరా, ఎమర్జెన్సీ కాల్ చాలు. మిగతావి కావాలనుకున్నవాళ్లు సెట్టింగ్స్‌లోకి వెళ్లి పెట్టుకోవచ్చు.

రెప్పపాటు:
అస్సలు ఒప్పుకోను. ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 16.1లో లైవ్ యాక్టివిటీస్, అంటే జరుగుతున్న పని సంగతి లాక్ స్క్రీన్ మీదే చూపే ఏర్పాటు, వచ్చాక నేను ఫోన్ తెరవడమే తగ్గింది. క్యాబ్ ఎక్కడుందో చూద్దామని లాక్ తీస్తే ఏదో మెసేజ్, దాని వెంట ఓ వీడియో, ఆఖరికి క్యాబ్ సంగతే మర్చిపోతాం. ఇప్పుడు ఓ చూపు చూసి జేబులో పడేస్తున్నా. సామ్‌సంగ్ వన్ యూఐ 7లో నౌ బార్, ఆండ్రాయిడ్ 16లో లైవ్ అప్‌డేట్స్... అందరూ ఇదే దారి పట్టారంటే ఊరికే కాదు కదా.

పాతచార్జర్:
అందరూ ఈ దారిలో ఇదివరకే ఓసారి వెళ్లొచ్చారు బాబూ. 2012లో ఆండ్రాయిడ్ 4.2లోనే లాక్ స్క్రీన్ విడ్జెట్లు ఉండేవి. 2014లో ఆండ్రాయిడ్ 5 లాలీపాప్ వచ్చి వాటిని పీకేసి, నోటిఫికేషన్లను తెచ్చి కూర్చోబెట్టింది. 2022లో ఐఓఎస్ 16లో ఆపిల్ విడ్జెట్లు పెట్టాక మళ్లీ మోజు మొదలైంది. ఆండ్రాయిడ్ 15 నాటికి గూగుల్ పిక్సెల్ టాబ్లెట్‌లో అవే విడ్జెట్లు కొత్త పెళ్లికూతుళ్లలా తిరిగొచ్చాయి.

రెండోతాళం:
విడ్జెట్ల గొడవ వదిలేయండి, వాతావరణం కనిపిస్తే ఎవరికీ నష్టం లేదు. అసలు చిక్కు కంట్రోల్ సెంటర్‌తో, అదే వైఫై, ఎయిర్‌ప్లేన్ మోడ్ లాంటి బటన్లుండే పేజీతో. లాక్‌లో ఉన్న ఫోన్‌ను కొట్టేసినవాడు పైనుంచి కిందికి లాగి ఎయిర్‌ప్లేన్ మోడ్ నొక్కుతాడు. నెట్ పోతుంది. మీరు ఇంకో ఫోన్‌లోంచి వెతుకుతుంటే పాత లొకేషనే కనిపిస్తుంది. ఐఫోన్‌లో ఫేస్ ఐడీ అండ్ పాస్‌కోడ్ సెట్టింగ్స్‌లో 'లాక్‌లో ఉన్నప్పుడు అనుమతించేవి' అని ఒక పట్టిక ఉంటుంది. కంట్రోల్ సెంటర్, సిరి, మెసేజ్‌కి జవాబు, ఇంట్లోని పరికరాల కంట్రోల్, అన్నీ అక్కడే ఉంటాయి. ఎంతమంది ఆ పేజీ తెరిచి చూశారో చెప్పండి!

రెప్పపాటు:
ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టగానే ఫోన్ మాయమైపోదండీ. 2019లో ఐఓఎస్ 13 నుంచీ నెట్ లేకున్నా చుట్టుపక్కల ఆపిల్ పరికరాలు బ్లూటూత్ సాయంతో ఆచూకీ పట్టిస్తాయి. ఐఓఎస్ 15 వచ్చాక చాలా మోడళ్లలో స్విచాఫ్ చేసినా దొరుకుతుంది. అయినా కంట్రోల్ సెంటర్ మూసేస్తే దొంగ పవర్ ఆఫ్ చెయ్యలేడా ఏంటి?

రెండోతాళం:
చుట్టూ ఆపిల్ పరికరాలు ఉంటేనే కదా ఆ సాయం. పైగా ఓటీపీ మాటేమిటి? నోటిఫికేషన్‌లో మెసేజ్ కనిపించే ప్రివ్యూ 'ఎప్పుడూ' అని ఉంటే లాక్ తీయక్కర్లేకుండానే కోడ్ చదివేస్తారు. ఫేస్ ఐడీ ఉన్న ఐఫోన్లలో మొదటినుంచీ 'అన్‌లాక్ అయ్యాకే' అని ఉంటుంది, అది మంచి పద్ధతి. కానీ దానితో పని పూర్తి కాదు. సిమ్ తీసి ఇంకో ఫోన్‌లో వేస్తే అవే మెసేజ్‌లు అందులోకి వస్తాయి. సిమ్‌కి పిన్ పెట్టనివాళ్లు లాక్ స్క్రీన్ మీద ఎంత దాచినా సగం పనే. ఫోన్‌లోనే ఇమిడి ఉండే ఈ-సిమ్ అయితే ఊడదీసే వీలుండదు.

మినుకు:
బ్యాటరీ గురించి ఎవరూ అడగలేదేం? లాక్‌లో ఉన్నా స్క్రీన్ ఆరిపోకుండా ఉంచే ఆల్వేస్ ఆన్ వల్ల కొంత ఖర్చు ఉంటుంది, కాదనను. ఓఎల్ఈడీ స్క్రీన్‌లో నల్లటి పిక్సెల్ వెలగదు కాబట్టి వాల్‌పేపర్ తీసేస్తే తగ్గుతుంది. ఐఫోన్ 14 ప్రో స్క్రీన్ సెకనుకి ఒక్కసారి మాత్రమే మారే స్థాయికి దిగుతుంది. మొదట్లో వాల్‌పేపర్ మొత్తం మసకగా కనిపించేది, జనం విసుక్కున్నాక ఐఓఎస్ 16.2లో తీసేసే ఆప్షన్ ఇచ్చారు.

మందులడబ్బా:
తలుపుగడియ గారూ, ఒక్క మాట. మీ చిట్టా ప్రకారం మెడికల్ ఐడీ కూడా పోవాలి. రోడ్డు మీద స్పృహ తప్పి పడినవాళ్ల బ్లడ్ గ్రూపు, అలర్జీలు, ఇంట్లోవాళ్ల నంబరు లాక్ తీయకుండా కనిపించేది అందులోనే. దాన్ని దాచమంటారా?

తలుపుగడియ:
దాచొద్దు. నింపేది నేనే, చూపించాలా వద్దా అన్నదీ నేనే తేల్చుకుంటా. నాకు పడనిది నన్ను అడక్కుండా తెరిచి ఉంచడం. చూపించడం వేరు, చెయ్యనివ్వడం వేరు. స్కోరు చూపించండి, అభ్యంతరం లేదు. జవాబు పంపడం, ఇంటి తలుపు తాళం తియ్యడం, ఎయిర్‌ప్లేన్ మోడ్ మార్చడం మాత్రం పాస్‌కోడ్ తర్వాతే.

రెప్పపాటు:
చీకట్లో టార్చ్‌కి కూడా పాస్‌కోడ్ కొట్టాలా మరి?

తలుపుగడియ:
టార్చ్ మీకే వదిలేశా. ఐఓఎస్ 18లో ఆ బటన్ తీసి ఇంకేదైనా పెట్టుకోవచ్చు కూడా. ఎయిర్‌ప్లేన్ మోడ్ సంగతి చెప్పండి ముందు.