అప్‌డేట్: పాత స్పోర్ట్స్ కార్డులు ఆన్‌లైన్‌లో చూశాను

స్పోర్ట్స్ కార్డులు (ఆటగాళ్ల బొమ్మలుండే చిన్న అట్టలు) కొనకుండా ఆన్‌లైన్ మ్యూజియంలో చూడొచ్చా అని అడిగాను కదా, మీరు చెప్పినవి చూశాను, థాంక్స్. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో 1887 నుంచి 1914 దాకా వచ్చిన బేస్‌బాల్ కార్డులు 2,100 ఉన్నాయి, అన్నీ ఉచితం. అప్పట్లో ఇవి సిగరెట్ ప్యాకెట్లలో వచ్చేవి, అందుకే టీ206 అనే సిగరెట్ కార్డుల సెట్‌లోని కార్డు వెనక్కి తిప్పితే ఆటగాడి లెక్కలుండవు, పొగాకు ప్రకటన ఉంటుంది! నాకైతే ముందు బొమ్మ కన్నా అదే నచ్చింది.

ఆ ‘టీ206’ అనే పేరు పెట్టింది జెఫర్సన్ బర్డిక్ అనే కలెక్టర్. ఆయన న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చిన వాటిలో బేస్‌బాల్ కార్డులే 30 వేలకు పైగా ఉన్నాయట, ఇంత ఓపిక ఎక్కడిదో మరి. ఆ సెట్‌లోనిదే, హోనస్ వాగ్నర్ అనే బేస్‌బాల్ ఆటగాడి కార్డు కూడా చూశాను, దాని ముద్రణ మధ్యలోనే ఆపేశారు కాబట్టి మిగిలినవి చాలా తక్కువ.

కొత్త కార్డులు మాత్రం తెరమీద తేలిపోయాయి. రిఫ్రాక్టర్ (వెలుగు పడితే రంగులు మెరిసే కార్డు) మెరుపు చేతిలో తిప్పితేనే తెలుస్తుంది, స్కాన్‌లో బూడిదరంగు మరకలా కనిపిస్తుంది. సంతకం, సీరియల్ నంబర్ ఉన్నవైతే పర్లేదు. టాప్స్ కంపెనీ 1952లో వేసిన, మికీ మాంటిల్ అనే బేస్‌బాల్ ఆటగాడి కార్డు 2022లో 1.26 కోట్ల డాలర్లకు పోయిందని చదివాక, ఉచితంగా చూడటమే నయమనిపించింది. క్రికెట్ కార్డులకు ఇలాంటి మంచి స్కాన్లు ఎక్కడైనా ఉంటే చెప్పండి.