దేహదానం ఫారంలో ఒక సంతకం ఖాళీగా ఉంది. ఇంట్లోవాళ్లను ఎలా ఒప్పించాలి?

మర్రిపాలెం అమ్మ

అందరికీ నమస్కారం. నాకు 57 ఏళ్లు, వైజాగ్ మర్రిపాలెంలో ఉంటాం. మా ఆయన పోయిన ఏడాది స్టీల్ ప్లాంట్‌లో రిటైర్ అయ్యారు. అబ్బాయిది బెంగళూరులో ఉద్యోగం. మా అత్తగారు మా దగ్గరే ఉంటారు, ఆవిడకు 84.

నేను పోయాక నా శరీరాన్ని ఆంధ్ర మెడికల్ కాలేజీకి ఇవ్వాలని నా కోరిక. ఇది నిన్నమొన్న పుట్టింది కాదు. నా చిన్నప్పుడు మా అన్నయ్య చోడవరం దగ్గర కోతలకి వెళ్తే వరి ఆకు కంట్లో కోసుకుంది. ఎవరో చెప్పారని నాటుమందు వేశారు. పుండు పడి కన్ను తెల్లగా అయిపోయింది. రెండేళ్ల తర్వాత, చనిపోయిన ఒకాయన కన్ను ఇస్తే ఆపరేషన్ చేశారు. కట్టు విప్పిన రోజు డాక్టరు గారు బాగున్న కన్ను చేత్తో మూసి, ఏం కనిపిస్తోందని అడిగారు. "మా చెల్లి ఎర్రగాజులు" అన్నాడు అన్నయ్య. ఆ కన్నిచ్చినాయన పేరు మాకు తెలియదు, ఊరు తెలియదు. కార్తీక మాసంలో నేను పెట్టే దీపాల్లో ఒకటి ఆయనది. దాదాపు నలభై ఏళ్లుగా పెడుతున్నాను.

నాకు దేవుడంటే నమ్మకం లేదనుకోకండి. ఏటా ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తాను. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే 32 కిలోమీటర్లు. రెండేళ్లుగా హనుమంతవాక దాటేసరికి మోకాలు పట్టేస్తోంది, అయినా మానలేదు. అప్పన్న మీద నమ్మకమూ, ఈ శరీరం ఎవరికైనా పనికి రావాలన్న నమ్మకమూ నా లోపల ఎప్పుడూ గొడవ పడలేదు.

కళ్లు ఇస్తానంటే ఇంట్లో ఎవరూ కాదనలేదు. మొత్తం శరీరం అనేసరికి అత్తగారు రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. "నిప్పు పడకపోతే గతి ఎలాగే" అని ఏడ్చారు. 2024లో సీతారాం ఏచూరి గారు పోయినప్పుడు ఆయన దేహాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌కి ఇవ్వడం మా మరిది టీవీలో చూశాడు. "అది కమ్యూనిస్టులు చేసే పని వదినా, గుళ్లకి తిరిగే నీకెందుకు" అంటాడు. మా ఆయన ఔననరు, కాదనరు, లేచి బాల్కనీలోకి వెళ్లిపోతారు.

అబ్బాయి మాట మాత్రం గుచ్చుకుంది. "అమ్మా, నీకు తలకొరివి పెట్టే హక్కు కూడా నాకు లేకుండా చేస్తావా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. ఫారం తెచ్చుకుని ఏడు నెలలైంది. దగ్గరి బంధువు సంతకం పెట్టాల్సిన చోటు ఖాళీగానే ఉంది.

వాళ్లను ఏడిపించి నెగ్గడం నాకిష్టం లేదు. ఊరుకుంటే, ఇన్నేళ్లు నేను నమ్మింది ఉత్తమాట అయిపోతుంది. ఇలాంటి పరిస్థితి దాటినవాళ్లు ఉంటే చెప్పండి.

పాత ఏఎంసీ విద్యార్థి

అమ్మా, నేను ఆ కాలేజీలోనే చదువుకున్నాను. మొదటి సంవత్సరం అనాటమీలో మా బల్ల మీద ఒక పెద్దాయన శరీరం ఉండేది. కుడిచేతి బొటనవేలి దగ్గర చర్మం కాయ కాసి గట్టిగా ఉండేది. కత్తెర పట్టీ పట్టీ అలా అయిందని, టైలర్ అయి ఉంటారని మేం అనుకునేవాళ్లం. మణికట్టు దగ్గర నరం ఎటునుంచి ఎటు వెళ్తుందో ఆయన చేతిలోనే మొదటిసారి చూశాను. ఇప్పుడు ఆపరేషన్ థియేటర్లో మణికట్టు తెరిచినప్పుడల్లా నాకు ఆ చెయ్యి గుర్తొస్తుంది. పుస్తకంలో బొమ్మ ఎన్నిసార్లు చూసినా ఇది రాదు.

ఇక పని సంగతులు. ఫారం మీద సంతకాలు అయిపోతే అంతా అయిపోయినట్టు కాదు. ఆ రోజు కాలేజీకి ఫోన్ చేయాల్సిందీ, శరీరాన్ని అప్పగించాల్సిందీ మీ ఇంట్లోవాళ్లే. వాళ్లు వద్దంటే కాలేజీ బలవంతంగా తీసుకోదు. మరణాన్ని ధ్రువీకరిస్తూ డాక్టరిచ్చిన కాగితం ఉండాలి. పోస్ట్‌మార్టం జరిగినా, కొన్ని అంటువ్యాధులు ఉన్నా సాధారణంగా తీసుకోరు. కళ్లు ఇచ్చాక శరీరం కూడా ఇవ్వొచ్చు, ఒకదానికొకటి అడ్డు కాదు. కళ్లకి మాత్రం టైమ్ ముఖ్యం, ఆరు గంటల్లోపు తీయాలి. అప్పటిదాకా ఫ్యాన్ ఆపేసి, కనురెప్పలు మూసి, పైన తడి దూది పెట్టాలి. ఇదంతా ఒక కాగితం మీద రాసి ఇంట్లో అందరికీ కనిపించే చోట ఉంచండి.

సీతమ్మధార నుంచి

అక్కా, మీ పోస్టు రాత్రి చదివాను. నిద్ర పట్టలేదు.

మా నాన్న పోర్టులో పనిచేసేవారు. మీలాగే ఫారం నింపారు, సాక్షి సంతకం నేనే పెట్టాను. ఈ సంగతి ఆయన నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు, అన్నదమ్ములు బాధపడతారని. ఆయన పోయిన రోజు తెల్లారేసరికి ఇల్లంతా చుట్టాలు. కాగితం చేతిలో పట్టుకుని పెదనాన్నకి చెప్పబోయాను. "నీకేం తెలుసురా, ఊరుకో" అన్నారు. ఊరుకున్నాను. అప్పుడు నాకు 31 ఏళ్లు, చిన్నపిల్లాణ్నేం కాదు. పదకొండింటికల్లా జ్ఞానాపురం శ్మశానంలో ఉన్నాం.

పెదనాన్న మీద నాకు కోపం లేదు. తమ్ముడు పోయిన దుఃఖంలో ఆ మాట మొదటిసారి వింటే ఎవరైనా అలాగే అంటారు. నాన్నకున్న ధైర్యం ఆ రోజుకి చాలలేదు, నాకు ఉండాల్సింది. ఆ కాగితం ఇంకా బీరువాలోనే ఉంది. పారేయలేను, చూడలేను.

మీరు బతికుండగానే, మీ నోటితోనే అందరికీ చెప్పండి. మరిదికి, ఆడపడుచులకి, పక్కింటివాళ్లకి కూడా. పదిమందికి ముందే తెలిస్తే ఆ రోజు మీ అబ్బాయి ఒంటరిగా నిలబడనక్కర్లేదు.

గోదారి పిల్ల, ఎంవీపీ కాలనీ

నేను కొంచెం వేరేగా చెప్తాను, మరోలా అనుకోవద్దు పిన్నిగారూ. తలకొరివి పెట్టాలన్నది మీ అబ్బాయి నమ్మకం. మీ నమ్మకం ఎంత నిజమో అదీ అంతే నిజం. మీరు పోయాక ఆ చేతులకి ఏదో ఒక పని కావాలి.

మా పుట్టింట్లో పౌరోహిత్యం. శరీరం దొరకనప్పుడు దర్భలతో బొమ్మ చేసి దహనం జరిపించే పద్ధతి మన శాస్త్రంలోనే ఉంది. మా నాన్నగారు సముద్రంలో గల్లంతైన ఒకరికి అలాగే చేయించారు. పెద్దకర్మ, సంవత్సరీకాలు అన్నీ మామూలుగానే జరుగుతాయి. మీ అత్తగారికి ఈ మాట మీరు చెప్తే వినకపోవచ్చు, ఆవిడకు గురి ఉన్న పురోహితుడి చేత చెప్పించండి. దధీచి మహర్షి ఎముకలిస్తేనే కదా ఇంద్రుడికి వజ్రాయుధం వచ్చింది, ఆ కథ ఆవిడకు తెలిసే ఉంటుంది.

మర్రిపాలెం అమ్మ

అందరికీ చాలా థ్యాంక్స్. సీతమ్మధార తమ్ముడూ, నువ్వు రాసింది మా ఆయనకి చదివి వినిపించాను. ఈసారి బాల్కనీలోకి వెళ్లలేదు.

గోదారి పిల్లా, నువ్వన్నది నిజం. వాడి బాధను నేను అడ్డంకి అనే అనుకున్నాను తప్ప, అదీ నమ్మకమే అనుకోలేదు. ఇంకో సంగతి కూడా తట్టింది. అన్నయ్య కన్ను గురించి వాడికి తెలుసు గానీ, గాజుల సంగతీ, దీపం సంగతీ నేనెప్పుడూ చెప్పలేదు. ఆదివారం ఫోన్లో మొత్తం చెప్పాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఆ దర్భల పద్ధతి గురించి నేను కనుక్కుంటాను. వచ్చే నెల వచ్చినప్పుడు కాలేజీకి నేనూ వస్తాను, అడగాల్సినవి అడుగుతాను" అన్నాడు. సంతకం పెడతానని అనలేదు. నేనూ అడగలేదు. మరిదిని, ఆడపడుచుల్ని ఈ ఆదివారం భోజనానికి పిలిచాను. అందరి ముందూ నేనే చెప్తాను. తలచుకుంటే ఇప్పటినుంచే టెన్షన్‌గా ఉంది, అయినా చెప్తాను.

అత్తగారు ఇంకా ఒప్పుకోలేదు. నిన్న సాయంత్రం దీపాలు పెడుతుంటే, ఆ కన్నిచ్చినాయన దీపం ఏదని అడిగారు. చూపించాను. "నూనె తక్కువైంది, ఇంకాస్త పొయ్యి" అన్నారు.