కొట్టే భర్త దగ్గరికి మా చెల్లెలు మళ్లీ వెళ్లింది. ఇక తలుపు మూసేయాలా?

అనంత_అన్న (అనంతపురం): రెండేళ్లలో మూడుసార్లు కొట్టి తరిమాడు. మూడుసార్లూ నేనే ధర్మవరం పోయి తీసుకొచ్చాను. పెద్దమనుషుల పంచాయితీ కూడా అయింది. నిన్న వాడు ఫోన్లో ఏడ్చాడట, బిడ్డను ఎత్తుకుని మళ్లీ వెళ్లిపోయింది. "ఇక ఈ గడప తొక్కొద్దు" అంటే గానీ బుద్ధి రాదేమో. తప్పా?

తుంగభద్ర_66: తప్పేం లేదు. తలుపు తీసి పెడితే వెళ్తూనే ఉంటుంది.

బురుజు_వీధి (కర్నూలు): అన్నా, అంత మాట అనొద్దు. నేను నాలుగుసార్లు వెళ్లినదాన్ని. కొట్టిన మర్నాడు పూలు తెచ్చేవాడు, బిడ్డకు తనే స్నానం చేయించేవాడు. అసలు మనిషి ఇతనే అనిపించేది. లెనోర్ వాకర్ అనే అమెరికా సైకాలజిస్ట్ 1979లోనే రాసింది ఈ చక్రం గురించి: టెన్షన్ పెరగడం, కొట్టడం, బతిమాలడం, మళ్లీ మొదటికి. మా నాన్న "ఇక రావద్దు" అన్నాక ఏడాదిన్నర ఎవరికీ చెప్పకుండా దెబ్బలు తిన్నాను. నాకు దిక్కు లేకపోవడమే అతనికి కావాల్సింది.

తుంగభద్ర_66: పూలకే కరిగిపోతే ఎట్లా? చదువుకోలేదా?

బురుజు_వీధి: డిగ్రీ చదివాను. చేతిలో బస్సు చార్జీ ఉండేది కాదు.

తుంగభద్ర_66: నేనడిగింది పూల గురించి. మా అక్క కోసం సాక్ష్యం చెప్తానని నిలబడ్డాను. ఆమె భర్త వేధింపుల మీద పెట్టిన 498ఎ కేసులో రాజీ పడింది. ఊళ్లో చెడ్డవాణ్ణి నేనయ్యాను.

కడప_టీచరమ్మ: మీ బాధ నిజమే. కానీ ఆ కోపం ఈ అమ్మాయి మీద ఎందుకు? విడిచి వచ్చిన తర్వాతి రోజులే ప్రాణానికి ఎక్కువ ప్రమాదం. ఆమెకు ఆ భయమూ ఉంటుంది.

అనంత_అన్న: అందరూ నా మీదే పడతారేంటి? చీటీ ఎత్తి పెళ్లి చేసింది నేను! మాకూ పిల్లలున్నారు!

బురుజు_వీధి: మీ ఇంట్లో ఆమె ఎక్కడ పడుకునేది?

అనంత_అన్న: హాల్లో. అయితే?

బురుజు_వీధి: ఇంకెన్నాళ్లుంటావని ఎవరైనా అన్నారా?

అనంత_అన్న: (మర్నాడు పొద్దున) రాత్రి నిద్ర పట్టలేదు. ఎవరో కాదు, నేనే అన్నాను. వంటింట్లో మా ఆవిడతో, "ఎన్నాళ్లు పెట్టాలి వీళ్లకు" అని. చెల్లెలు హాల్లోనే ఉంది. రెండో రోజు వెళ్లిపోయింది. వాడి ఏడుపు వినే వెళ్లిందనుకున్నాను.

కడప_టీచరమ్మ: ఇప్పటికైనా ఆమెతో మాట్లాడండి. మీ హాలు, ఆ ఇల్లు, ఈ రెండే దారులు కావు. 2005 గృహహింస చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఇల్లు ఆమె పేరున లేకపోయినా అక్కడ ఉండే హక్కు ఉంది. కొట్టకుండా కోర్టు రక్షణ ఉత్తర్వు ఇస్తుంది. ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆడవాళ్లకు లాయర్‌ను ఉచితంగా పెడుతుంది. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు. హింసకు గురైన ఆడవాళ్ల కోసం జిల్లాలో ప్రభుత్వం నడిపే వన్ స్టాప్ సెంటర్‌లో ఐదు రోజుల దాకా బిడ్డతో ఉండొచ్చు. కేసు పెట్టమని మాత్రం తొందర పెట్టొద్దు. ఆమె ఫోన్ వాడు చూస్తాడా?

అనంత_అన్న: వాడే తీస్తాడు.

కడప_టీచరమ్మ: అయితే ఇవేవీ మెసేజ్ పెట్టకండి. ఎదురుగా ఉన్నప్పుడే చెప్పండి. ఆధార్, బిడ్డ బర్త్ సర్టిఫికెట్ నకళ్లు మీ దగ్గర ఉంచండి.

తుంగభద్ర_66: ఇంత చేశాక మళ్లీ వెళ్తే?

బురుజు_వీధి: మళ్లీ తీసుకురావాలి. నేను ఐదోసారి వచ్చి నిలబడ్డాను.

అనంత_అన్న: అమ్మకు ఒంట్లో బాగాలేదని చెప్పి రమ్మంటాం. వెనక గదిలో వేరుశనగ మూటలున్నాయి, ఈ రోజే తీయిస్తున్నాను. లోపల గడియ కూడా పెట్టించాలి.