అప్‌డేట్: చెరువు వైపు ఖాళీ జాగాలో లాన్ సంగతి

హన్మకొండలో వడ్డేపల్లి చెరువు దగ్గర మా ఇంటి వెనక లాన్, చుట్టూ టైల్స్, చిన్న ప్రహరీ పెట్టుకోవచ్చా అని అడిగాను కదా. "సొంత జాగాలో ఎవరడుగుతారు" అని చాలామంది అన్నారు. అడుగుతారండీ.

2012 నాటి భవన నిర్మాణ నిబంధనల (జీవో 168) ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్న కుంటకు 9 మీటర్లు బఫర్ (కట్టడాలు లేని ఖాళీ జాగా) వదలాలి. కొలిచేది ఇప్పుడు నీళ్లున్న చోటు నుంచి కాదు, ఎఫ్‌టీఎల్ నుంచి. అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు. ఎండాకాలంలో చూసి ప్లాటు కొన్నవాళ్లకు టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే. ఆ హద్దు తేల్చేది ఇరిగేషన్, రెవెన్యూ వాళ్లు. బఫర్‌లో పచ్చదనం ఉండొచ్చు, కట్టడం కుదరదు. కాబట్టి ప్రహరీ, టైల్స్ రెండూ క్యాన్సిల్.

లాన్ వేశాం. మాలి మాత్రం "డీఏపీ, యూరియా చల్లితే పచ్చగ లేస్తది సార్" అన్నాడు. లేస్తుంది నిజమే. కానీ మా జాగా వాలు చెరువు వైపే. గట్టి వాన పడితే ఆ నత్రజని, భాస్వరం నీళ్లలోకి పోయి గుర్రపుడెక్కను మేపుతాయి. అందుకే రసాయన ఎరువులు మానేసి, నీటి వైపు అంచున వట్టివేరు దుబ్బులు దగ్గరదగ్గరగా వరసగా నాటించాను. కోసిన గడ్డి కూడా అటు పడేయొద్దని చెప్పాను.

అక్కడే ప్లాటు చూస్తున్నానని కామెంట్ పెట్టిన అన్నా, సర్వే నంబరుతో ఎఫ్‌టీఎల్ మ్యాప్ చూసుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.