సమస్యాపూరణం: క్యూను విడిచి యూయె కూర్చొనెనట

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఇంగ్లీష్ అక్షరాల మీద. చిన్నప్పుడు డిక్టేషన్‌లో సార్లు ఒకటే చెప్పేవారు: క్యూ రాశావంటే కళ్లు మూసుకుని వెనకాలే యూ పెట్టు. కానీ ఇంగ్లీష్ నిఘంటువుల్లోనే యూ లేని క్యూ మాటలు కొన్ని ఉన్నాయి. వాటి అర్థాలు వెతుకుతుంటే నాకు ఈ పాదం తట్టింది.

క్యూను విడిచి యూయె కూర్చొనెనట

ఆటవెలది నాలుగో పాదం. క్యూను, విడిచి, యూయె, కూర్చొ, నెనట: అయిదూ సూర్యగణాలే, అంటే గురువు (బరువు అక్షరం) వెనక లఘువు (తేలిక అక్షరం) గానీ, మూడు లఘువులు గానీ. "క్యూ" సంయుక్తాక్షరం కాబట్టి అందులోని కకారంతో "కూ"కు యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు, కుదిరింది. పై మూడు పాదాలు మీవి. క్యూ అంటే లైను అని కూడా తీసుకోవచ్చు. ఆ మాట స్పెల్లింగే చూడండి: మొదటి అక్షరం ఒక్కటే పలుకుతుంది, వెనక నాలుగు అక్షరాలు రేషన్ షాపు ముందు నిలబడ్డట్టు నోరు మెదపకుండా నిలబడతాయి.

జడ్చర్ల జంక్షన్:
బోణీ నాది.

అరబు భాష నుండి యరుదెంచె బుర్ఖాయు
కదలె దాని వెంట ఖాజి ఫకిరు
ఇంగిలీషు వారి యిల్లు చేరిన వేళ
క్యూను విడిచి యూయె కూర్చొనెనట

నిర్వాహకుడు:
బోణీ బాగుంది. చుట్టాలు ఒక్కొక్కరే వచ్చి ఇంగ్లీష్ వారింట్లో దిగినట్టు చెప్పారు. చిక్కల్లా రెండో పాదం చివర. ఫకీరు అంటే లఘువు, గురువు, లఘువు. అది సూర్యగణం కాదు కనుక మీరు దీర్ఘం కోసి "ఫకిరు" చేశారు. పాపం, ఆయన దగ్గర ఉన్నదే ఒక దీర్ఘం, అదీ లాక్కున్నారు. "ఖాజి వక్ఫు" అనండి. వక్ఫు ఇంగ్లీష్‌లో రాసినా క్యూ తర్వాత ఎఫ్ వస్తుంది, యూ రాదు.

జడ్చర్ల జంక్షన్:
మార్చుకున్నా సార్. ఫకీరు దీర్ఘం ఆయనకే వాపసు.

రిటైర్డ్ ఇంగ్లీష్ సార్, నల్లగొండ:
ముప్పై ఏళ్లు ఆ యూ సూత్రం చెప్పి పిల్లల చెవులు మెలేసినవాణ్ణి, ఊరుకుంటే బాగుండదు. పాత ఇంగ్లీష్‌లో క్వీన్ అనే మాటకు క్యూ లేదు. సి, డబ్ల్యు, ఈ, ఎన్ అని రాసేవారు. 1066లో నార్మన్లు గెలిచాక ఫ్రెంచి అలవాటున్న రాయసగాళ్లు సి డబ్ల్యు తీసేసి క్యూ యూ జంట పెట్టారు.

ఆంగ్ల భాషలోన నాదిలో రాణికి
క్యూయె లేదు చూడ క్రొత్తగాను
ఫ్రెంచి వారు వచ్చి పెట్టిరా జంటను
క్యూను విడిచి యూయె కూర్చొనెనట

నిర్వాహకుడు:
సార్, గణాలు, యతులు తప్పు పట్టడానికి లేవు. "క్యూయె"కు "క్రొత్త"తో యతి కుదర్చడం ముచ్చటగా ఉంది. కానీ సమస్య తీరలేదు. మూడో పాదంలో పెళ్లి చేశారు, నాలుగో పాదంలో విడాకులు ఇప్పించారు. మధ్యలో గొడవేమిటో చెప్పలేదు. మీ క్లాసులో ఇలా రాస్తే ఎన్ని మార్కులు వేసేవారు?

రిటైర్డ్ ఇంగ్లీష్ సార్, నల్లగొండ:
నాలుగు. అదీ దస్తూరీకి. మళ్లీ వస్తాను.

డిండి తమ్ముడు:
ఫస్ట్ టైం రాస్తున్నా, నవ్వకండి. "యూరియా కొరకు క్యూలోన నిలుచుండి" అని మొదలుపెట్టి ఆగిపోయా.

నిర్వాహకుడు:
నవ్వం. యూరి, యాకొ, ఇక్కడి దాకా నడిచింది. తర్వాత "రకు" రెండు లఘువులు, దాని వెనక "క్యూ" గురువు. మూడో గణం అక్కడ విరిగింది. "యూరియాకు రైతు" అంటే మూడు గణాలు సరిపోతాయి. అయినా యూరియా మాట పక్కన పెట్టి, ఆ లైనులో నువ్వు కళ్లారా చూసింది రాయి. పద్యం దానంతట అదే వస్తుంది.

డిండి తమ్ముడు:
సొసైటీ గోదాం ముందు పొద్దున అయిదింటికే చెప్పులు లైనులో ఉంటయి సార్. ఒక జత హవాయి, ఒక జత తోలువి, ఒకాయనవైతే తాడుతో కట్టిన ఒంటి చెప్పు, దాని మీద రాయి. మనుషులంతా వేపచెట్టు కింద.

చెప్పులుంచి వరుస చెట్టునీడను రైతు
నడుము వాల్చినట్లు నాడు నేడు
ఖాజి మాట రాయగా చూచి మెల్లగ
క్యూను విడిచి యూయె కూర్చొనెనట

నిర్వాహకుడు:
ఇదీ పూరణ! లైను, అక్షరం రెండూ కలిశాయి. ఖాజీ అనే మాట రాస్తున్నారని చూడగానే, ఇక్కడ మనకు పని లేదులే అని యూ మెల్లగా జారుకుంది. ఒక్క "నాడు నేడు" మాత్రం ఉత్త పాదపూరణం, గుంత పూడ్చడానికి వేసిన మట్టి. "నడుము వాల్చినట్లు నమ్మకాన" అంటే ఎలా ఉంటుంది? చెప్పుల మీద ఉన్న నమ్మకం అది.

డిండి తమ్ముడు:
నమ్మకాన ఫిక్స్ సార్. ఒంటి చెప్పు పద్యంలో పట్టలేదు, అదే బాధ.

మిర్యాలగూడ చిన్ని, తొమ్మిదో తరగతి (అమ్మ ఫోన్ నుంచి):
స్క్రాబుల్‌లో క్యూ బిళ్ల ఒక్కటే ఉంటుంది, దానికి 10 పాయింట్లు. యూ బిళ్లలు నాలుగే. అవి మనకు రాకపోతే క్యూ చేతిలో ఉండిపోయి టెన్షన్. అప్పుడు క్యూ, ఐ రెండు పెడితే చాలు. చీ అని పలకాలి. చైనా వాళ్ల మాట, ప్రాణశక్తి అని అర్థం. పద్యంలో తాతయ్య సాయం ఉంది.

పలక పైన క్యూకు పది మార్కులుండగ
చీనదేశ మాట చేత బట్టి
చీ యటంచు రాసి చిన్నది గెలువగ
క్యూను విడిచి యూయె కూర్చొనెనట

నిర్వాహకుడు:
చిన్నీ, ఛీ అన్నా 11 పాయింట్లు వచ్చే ఆట అదొక్కటేనేమో! తాతయ్య సాయం మూడో పాదంలో కనిపిస్తూనే ఉంది.

పట్వారి మనవడు, నాగర్‌కర్నూల్:
మా తాత పెట్టెలో పాత కాగితాలున్నాయి, కొన్ని ఉర్దూలో. అరబ్బీ ఖాఫ్ అక్షరాన్ని ఇంగ్లీష్‌లో రాయడానికి క్యూ వాడతారు. అందుకే దాని వెనక యూ ఉండాలనే రూలు లేదు. నిఘంటువులో వింత మాటలని వేసేవాటికి అన్నదమ్ముల్లాంటివి మా ఊరి రైతు తహసీల్ ఆఫీసులో రోజూ వాడతాడు.

కౌలు నకలు హక్కు కబ్జాలు కిస్తులు
పల్లె నోట నాను పలుకులందు
ఖాఫు క్యూగ మారె కాగితమ్ముల మీద
క్యూను విడిచి యూయె కూర్చొనెనట

నిర్వాహకుడు:
మొదటి పాదంలోని అయిదు మాటల్లోనూ ఉర్దూ లిపిలో ఖాఫే ఉంది. ఒక్కటి కూడా దారి తప్పలేదు. కౌలుకు కబ్జాతో యతి వేయడం, అబ్బో, మన దగ్గర కౌలుకిచ్చిన భూమికి చివరికి పట్టే గతి కూడా అదే కదా.

జడ్చర్ల జంక్షన్:
ఒక డౌటు. "ఖాఫు క్యూగ" అన్నచోట, క్యూ సంయుక్తం కదా, ముందున్న "ఫు" గురువు కాదా?

నిర్వాహకుడు:
కాదు. రెండూ వేరు వేరు మాటలు, సమాసం కాదు. తెలుగులో అలాంటి చోట ముందు మాట చివరి అక్షరం లఘువుగానే ఉంటుంది.

రిటైర్డ్ ఇంగ్లీష్ సార్, నల్లగొండ:
ఛందస్సు జోలికి రాను, విషయం మీద అభ్యంతరం. కంపెనీ కాలపు ఇంగ్లీష్ వాళ్లు కౌలును సి, ఓ, డబ్ల్యు, ఎల్, ఈ అని రాశారు. అందులో క్యూ ఎక్కడుంది? వాళ్ల చెవికి క అని వినపడింది, సి పెట్టేశారు. లిపిని అక్షరం వెంట అక్షరం చూసి మార్చే పద్ధతిలోనే ఖాఫుకు క్యూ వస్తుంది. మీ మూడో పాదం సగం నిజం.

పట్వారి మనవడు, నాగర్‌కర్నూల్:
ఒప్పుకుంటాను సార్. కానీ తాలూక్‌దార్‌ను తీసుకోండి. నిజాం రాజ్యంలో జిల్లా పెద్ద అవ్వల్ తాలూక్‌దార్, అంటే ఇప్పటి కలెక్టర్. ఇంగ్లీష్‌లో దాన్ని కే తోనూ రాశారు, క్యూ తోనూ రాశారు. క్యూ తో రాస్తే దాని వెనక డి వస్తుంది. మిగతా సగం నిజం అక్కడుంది.

జడ్చర్ల జంక్షన్:
ఇంకో ముచ్చట. మన దక్కనీ ఉర్దూలో ఖాఫ్‌ను ఖ అనే పలుకుతారు. అందుకే మనకు ఖాజీ, ఖైదీ, ఖరారు. కౌలు, కిస్తు, కబ్జా మాత్రం క దగ్గరే ఆగాయి. ఒకే అక్షరం తెలుగులోకి రెండు తలుపుల నుంచి వచ్చింది.

నిర్వాహకుడు:
ఈ చర్చ కోసమైనా మూడో పాదం అలాగే ఉంచుదాం.

రిటైర్డ్ ఇంగ్లీష్ సార్, నల్లగొండ:
నాలుగు మార్కుల అవమానం దిగమింగుకుని మళ్లీ వచ్చాను. రాత్రి నిఘంటువు తిరగేశాను. కానాట్ అని ఒకటి దొరికింది: ఇరాన్‌లో భూమి కింద వాలుగా తవ్విన కాలువ, కొండ అడుగు నీటిని మోటారు లేకుండా ఊళ్లోకి తెస్తుంది. బీదర్‌లో ఇలాంటిదాన్నే కరేజ్ అంటారు. మన పెళ్లి పందిరికి కట్టే కనాతు వేరు, ఇది వేరు. ఇంకొకటి ఉమియాక్: ధ్రువ ప్రాంతపు ఇన్యూట్లు తోలుతో చేసే పడవ. యూ పడవ ఆ చివర, క్యూ ఈ చివర! కానీ నన్ను కుర్చీలోంచి లేపింది కివియుట్. మస్క్ ఆక్స్ అనే మంచు ప్రాంతపు జంతువు లోపలి మెత్తటి ఉన్ని. అందులో యూ ఉంది, కానీ క్యూ పక్కన కాదు. ఐ, వి, ఐ అని మధ్యలో మూడు అక్షరాలు.

మంచునేల పైన మసలు నెద్దుల యున్ని
పేరు రాయబోవ బెద్ద వింత
మూడు గడపలవల ముచ్చటాడక పోయి
క్యూను విడిచి యూయె కూర్చొనెనట

నిర్వాహకుడు:
సార్! ఇన్ని పూరణల్లో యూను మాటలోంచి వెళ్లగొట్టారే తప్ప, కూర్చోబెట్టినవారు లేరు. మీరు అదే మాటలో మూడిళ్ల అవతల అరుగు మీద కూర్చోబెట్టారు. సమస్యలోని "కూర్చొనెను" అనే క్రియకు ఇప్పుడు పని దొరికింది. ఇచ్చిన నాకే ఇది తట్టలేదు. "ముచ్చటాడక" అన్నది మరీ బాగుంది, పలకరింపు లేని పాలోళ్ల మాదిరిగా. మస్క్ ఆక్స్‌ను ఎద్దు అనవచ్చా అని ఎవరైనా అడిగితే ఆ జవాబు మీరే చెప్పుకోండి.

రిటైర్డ్ ఇంగ్లీష్ సార్, నల్లగొండ:
దాని పేరులోనే ఎద్దు ఉంది. నాకు పూచీ లేదు.

దేవరకొండ అక్క:
ఆలస్యంగా వచ్చాను. నాకు నిఘంటువు మాటలు తెలియవు. మా వాడి వీసా కాగితం మీద ఒక క్యూ చూశాను, అంతే.

ఖతరు పోయె కొడుకు కాగితమ్మున చూడ
ఊరి పేరు లోన నొంటి క్యూయె
తల్లి నింట నుంచి తా వెళ్ళినట్లుగ
క్యూను విడిచి యూయె కూర్చొనెనట

నిర్వాహకుడు:
అక్కా, మూడో పాదాన్ని రెండుసార్లు చదివాను. "ఇంట నుంచి" అంటే ఇంట్లో ఉంచి అని ఒక అర్థం, ఇంటి నుంచి వెళ్లాడని ఇంకో అర్థం. కావాలని వేశారో, దానంతట అదే పడిందో గానీ రెండూ సరిపోయాయి. ఇక్కడ యూ అలిగి కూర్చోలేదు, అమ్మగా ఇంటి దగ్గర కూర్చుంది. "ఊరి"కి "ఒంటి"తో యతి కూడా చక్కగా పడింది.

జడ్చర్ల జంక్షన్:
అక్కా, పద్యం మస్తుంది. చిన్న మాట: ఖతర్ ఊరు కాదు కదా, దేశం.

దేవరకొండ అక్క:
తెలుసు తమ్ముడూ. దేశమని రాస్తే యతి పోతది.