కొండ ఊళ్లో ఒక్కటే అంబులెన్సు: ఊరివాళ్లకా, వచ్చేపోయేవాళ్లకా?

నైట్‌డ్యూటీ:
మాది కొండ మీద ఊరు. నేను ఇక్కడి చిన్నాసుపత్రిలో నర్సుని. మాకున్నది ఒక డాక్టరు, ఒక అంబులెన్సు. సీజన్‌లో ఊరి జనం కంటే వచ్చేవాళ్లే ఎక్కువ.

కిందటి సీజన్‌లో ఓ రాత్రి పదకొండున్నరకి పై క్యాంపు నుంచి ఫోను. ఒకతను కూర్చున్నచోటే ఆయాసపడుతున్నాడు, పెదాలు నీలం తిరిగాయి అన్నారు. బండి పంపాం. అది వెళ్లిన నలభై నిమిషాలకి ఊళ్లో ఎనిమిదో నెల గర్భిణికి బ్లీడింగ్ మొదలైంది. ఆపరేషన్ చేసే ఆసుపత్రి కింద లోయలో, బండేమో పైన. చివరికి సరుకుల వ్యాన్‌లో పరుపేసి దించాం. దాని వెనక తలుపుకి గడియ పడదు. దారి పొడవునా ఒక చేత్తో తలుపుకి కట్టిన తాడు, ఇంకో చేత్తో సెలైన్ బాటిల్ పట్టుకుని కూర్చున్నాను. తల్లీబిడ్డా బతికారు. పైనుంచి తెచ్చినతనూ బతికాడు.

అప్పటినుంచి ఊళ్లో ఒకటే మాట. డాక్టరు, బండి, ఆక్సిజన్ ఊరివాళ్లకే ఉంచాలి, టూరిస్టులకి వేరే క్లినిక్, వేరే బండి పెట్టి ఖర్చు వాళ్ల దగ్గరే తీసుకోవాలి అని. ఆ రాత్రి వ్యాన్‌లో నేనూ అదే అనుకున్నాను. ఇప్పుడు అంత గట్టిగా అనలేకపోతున్నాను. మీరేమంటారు?

రాళ్లబాట:
అనుకోవాల్సిందే సిస్టర్. కొండెక్కాలని వాళ్లని ఎవరూ బలవంతం చెయ్యలేదు. ఊరివాళ్లకి మాత్రం ఇంకో ఆసుపత్రి లేదు. అయినా అంబులెన్సు ఒక్కటే కాదు సమస్య. సీజన్ మొదలైతే బీపీ, షుగర్ చెకప్‌లు వాయిదా, గర్భిణుల పరీక్షలు వాయిదా. మా నాన్న ఇన్‌హేలర్ చీటీ కోసం మూడుసార్లు తిరిగొచ్చారు. ప్రతిసారీ డాక్టరుగారు పైకి వెళ్లారనే జవాబు.

వేరుగా పెట్టడం కొత్తేమీ కాదు. ఎవరెస్టు దారిలో చూడండి. ఖుండేలో ఎడ్మండ్ హిల్లరీ 1966లో పెట్టిన ఆసుపత్రి అక్కడి షెర్పాల కోసం. ఫెరిచేలో 1973లో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ మొదలుపెట్టిన క్లినిక్ ట్రెక్కర్ల కోసం.

స్టెతస్కోపు:
రాళ్లబాటగారూ, మీ నాన్నగారి చీటీ విషయంలో మీ కోపం న్యాయమే. రోజుకి రెండు గంటల ఓపీ ఏ సీజన్‌లోనూ కదలకూడదు. నేను ఎత్తైనచోట పనిచేసిన డాక్టర్ని, దీనిమీద గట్టిగానే చెబుతున్నా.

కానీ ఫెరిచే ఉదాహరణ మీ వాదనకి పనికిరాదు. అక్కడ స్థానికుల్నీ, బరువులు మోసే పోర్టర్లనీ కూడా చూస్తారు, వాళ్ల దగ్గర నామమాత్రంగా తీసుకుంటారు. గీత గీస్తే ఆ పోర్టరు ఏ వైపు? హోటల్లో ఆరు నెలలు పనిచేసి పోయే కుర్రాడు ఏ వైపు? రోడ్డు కూలీలు?

ఇంకోటి. ఊరివాళ్లకి కొండ అలవాటే, ఎత్తులో గాలి పలచబడి వచ్చే జబ్బు చెయ్యదు అనుకుంటాం. పుట్టి పెరిగినవాళ్లు కూడా కొన్ని వారాలు పల్లపు ప్రాంతంలో ఉండి తిరిగొస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు. పిల్లల్లో ఇది మరీ ఎక్కువ. సెలవులకి కిందికెళ్లొచ్చిన ఊరి పిల్లాడికి రెండో రాత్రి ఆయాసం వస్తే, ఆ వైద్యం తెలిసిన మనిషి, దానికి కావాల్సిన ఆక్సిజన్ టూరిస్టుల క్లినిక్‌లో ఉంటాయా, మీ దాంట్లో ఉంటాయా?

ఆ క్యాంపు మనిషికి అంతకుముందు సాయంత్రమే తలనొప్పో, పొడిదగ్గో, నాలుగడుగులకే అలసటో ఉండే ఉంటుంది. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్ల కంటే పెంచకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఆగాలి. మనిషి తికమకపడుతుంటే ఒక కాలి మడమకి ఇంకో కాలి వేళ్లు ఆనిస్తూ గీత మీద నడిపించి చూడండి. తూలితే మెదడు వాపు అనుకోండి, తెల్లారేదాకా ఆగొద్దు. ఇవి బస్సు దిగిన రోజే చెప్పాలి. ఫెరిచేలో మధ్యాహ్నాలు చేసేది ఇదే, ట్రెక్కర్లని కూర్చోబెట్టి చెబుతారు.

రాళ్లబాట:
చెప్తే వింటారా? ఒక్క రోజులో కింద నుంచి 3,500 మీటర్లకి తెచ్చి పడేసే ప్యాకేజీలు అమ్మేవాళ్లకి ఎవరు చెబుతారు? ఖర్చు సంగతీ తేలలేదు. స్విట్జర్లాండ్‌లో కొండమీంచి దించితే బిల్లు రోగికే వస్తుంది. దానికి జనం ముందే ఇన్సూరెన్సు కట్టుకుంటారు. మన దగ్గర ఆ భారం ఊరెందుకు మొయ్యాలి?

స్టెతస్కోపు:
ఫ్రాన్స్‌లో కొండల మీద ప్రభుత్వ దళం కాపాడితే డబ్బు అడగరు. బిల్లు భయం ఉంటే ఫోన్ ఆలస్యంగా చేస్తారని నా భయం. ఆ జబ్బులో ఆలస్యమే ప్రాణం తీస్తుంది. వసూలు చెయ్యాలంటే గది బుకింగ్ మీద, వాహనం పర్మిట్ మీద చెయ్యండి. రోగి ముందు పెట్టకండి.

లోయమలుపు:
నేను అంబులెన్సు డ్రైవర్ని. ఒకటి అడుగుతాను. బండి పైదాకా ఎందుకు రావాలి? అక్కడ జీపులు నిలబడే ఉంటాయి. మేం ఎక్కే గంటన్నరా పేషెంటు ఆ ఎత్తులోనే ఉంటాడు. ఫోన్ చేసిన నిమిషమే జీపులో దించడం మొదలుపెడితే సగం దారిలో మేం ఎదురొస్తాం. ఊరికి కూడా బండి సగం దూరంలోనే ఉంటుంది.

ఇంకా, ఒక్క రాత్రిలో నాకు ఐదుగురు ఫోన్ చేస్తారు, ఒక్కొక్కరు ఒక్కో చోటు చెబుతారు. కింద ఆసుపత్రికి ముందుగా చెప్పకుండా తీసుకెళ్తే రక్తం లేదు, బెడ్ లేదు అంటారు. అక్కణ్ణించి మళ్లీ ఇంకో ఊరు.

స్టెతస్కోపు:
డ్రైవర్ గారు చెప్పింది నేను చెప్పాల్సిన మాట. దించడమే అసలు మందు. 300 మీటర్లు దించినా కొందరు తేరుకుంటారు, కొందరికి 1,000 దాకా కావాలి. జీపులో ఆక్సిజన్ ఉంటే ఇంకా మంచిది. లెక్క మాత్రం చూసుకోండి. 1,500 లీటర్ల సిలిండర్ నిమిషానికి 5 లీటర్లు పెడితే 5 గంటలే వస్తుంది.

నైట్‌డ్యూటీ:
సగం దారిలో కలుసుకోవడం ఇన్నేళ్లలో ఎవరికీ తట్టలేదు. ఆ రాత్రి అలా చేసుంటే, గర్భిణి ఇంటినుంచి ఫోన్ వచ్చేసరికి బండి తిరుగుదారి పట్టబోతూ ఉండేది.

నేనైతే ఇలా అనుకుంటున్నాను. రోగుల్ని రెండు వరసలు చెయ్యొద్దు. ఫోన్ నంబరు ఒకటే ఉండాలి, ఎత్తే మనిషీ ఒక్కరే. బండి ఎక్కడుంది, ఎన్ని సిలిండర్లు నిండుగా ఉన్నాయి, ఏ జీపు డ్రైవరు ఈ రాత్రి మేలుకుని ఉన్నాడు అన్నవి డ్యూటీ రూమ్ బోర్డు మీద రాసి ఉండాలి. పేషెంటు ఎవరైనా సరే, బండి కదిలేముందే కింద ఆసుపత్రికి ఫోన్ వెళ్లాలి. ఇబ్బంది ఉన్న గర్భిణులని తొమ్మిదో నెల రాకముందే లోయలో బంధువుల ఇంట్లోనో, ఆసుపత్రి దగ్గరో ఉంచాలి. వాళ్ల పేర్లు నేను రాసిపెడతాను. పొద్దున ఓపీ డాక్టరుగారు కదలరు, అది ఆయనతో నేనే మాట్లాడతాను.

రాళ్లబాట:
ఓపీ కదలదంటే సగం ఒప్పుకున్నట్టే. కానీ మూడు సిలిండర్లు ఊరికోసం పక్కన పెట్టండి, సీజన్‌లో ఎవరడిగినా తియ్యకూడదు.

నైట్‌డ్యూటీ:
మా దగ్గర ఉన్నవే ఏడు. రెండు పక్కన పెట్టగలను. అవి ఊరికని కాదు, తర్వాత వచ్చే పేషెంటుకని. ఆ తర్వాతి పేషెంటు మీ నాన్నగారే కావచ్చు, క్యాంపు నుంచి వచ్చినతను కావచ్చు.

రాళ్లబాట:
మూడు చెయ్యండి సిస్టర్. మూడోదానికి డబ్బు హోటళ్ల వాళ్లని నేను అడుగుతాను.