అప్‌డేట్: గుంటూరు మేడమీద ఆర్నికా మొలకల సంగతి

పసుపుపచ్చని పూల ఆర్నికా మాంటానాను గుంటూరులో కుండీలో పెంచగలమా అని డిసెంబరులో మిమ్మల్ని అడిగాను. ఇక్కడి ఎండకు నిలవదని చెప్పినవారి మాటే నిజమైంది. తడి ఇసుకలో కలిపి ఫ్రిజ్‌లో ఉంచిన గింజలలో పదకొండు మొలిచి, ఫిబ్రవరి చివరికల్లా సన్నని నూగుతో, మట్టిని అంటిపెట్టుకుని నాలుగేసి ఆకులు పరిచాయి. వాటిని చూడటానికే రోజూ తెల్లవారుజామున మేడెక్కేవాడిని.

మార్చిలో ఈనెలు ఆకుపచ్చగానే ఉండి, వాటి మధ్య భాగం పాలిపోసాగింది. యూరప్ కొండల పచ్చికబయళ్లలో, సున్నం దాదాపు లేని, సారం తక్కువైన ఆమ్ల నేలల్లో బతికే మొక్కకు మన నల్లరేగడిని మూడోవంతు కలిపి పెట్టడం పూర్తిగా నా తప్పే. మిగిలినవి ఏప్రిల్ ఎండకు మాడిపోయాయి.

అమ్మ మోకాళ్లకు ఆ పూలతో నూనె కాచాలనుకున్నాను. అయితే అందులోని హెలెనాలిన్ విషపదార్థమనీ, లోపలికి తీసుకోకూడదనీ, గాయమైన చర్మంపై రాయకూడదనీ తెలిశాక, ఇంట్లో కాచే ఆలోచన మానుకుని అమ్మను డాక్టరుకు చూపించాను. ఆ కుండీలలో ఇప్పుడు అదే కుటుంబానికి చెందిన బంతి నారు పోశాను.